గోదారి లంకలో జాంబీ సినిమా తీశాం, జనం భయపడలేదు. తప్పెక్కడుంది?

లంకకుర్రోడు
రెండేళ్ళు కష్టపడి 58 నిమిషాల జాంబీ సినిమా ఒకటి తీశాం. ఆరుగురు స్నేహితులం, మొత్తం ఖర్చు 2 లక్షల 85 వేలు. అంతా రాజోలు వైపు ఒక లంకలోనే, అంటే గోదారి పాయల మధ్య దీవిలో. కథ చిన్నది. గోదారికి పెద్ద వరదొచ్చి నీరు తీసిన మూడో రోజు. కరెంటు లేదు, రేవులో పడవ లేదు, ఫోన్లు పనిచేయవు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవాలు చీకటి పడ్డాక లేస్తాయి. తెల్లారేలోపు ఇద్దరు అన్నదమ్ములు వాళ్ళమ్మని తీసుకుని ఏటిగట్టు చేరాలి.

పోయిన శనివారం రాత్రి మా ఊళ్ళో రామాలయం పక్కన తెర కట్టి వేశాం. రెండొందల మంది దాకా వచ్చారు. మొదటి శవం బురదలోంచి లేచి, తడిక తోసుకుని, ఇంటి అరుగు దాకా వచ్చే సీను ఒకటుంది. దాని కోసం నాలుగు రాత్రులు పడుకోలేదు. సరిగ్గా అక్కడ ముందు వరసలో కూర్చున్న ఒక మామ్మగారు గట్టిగా, "అయ్యో, ఆకలేసి వచ్చినట్టున్నాడర్రా, ఎవరైనా ఇంత అన్నం పెట్టండి" అన్నారు. అందరూ గొల్లుమన్నారు. ఇక అక్కణ్ణుంచి ఒక్కరు కూడా భయపడలేదు. క్లైమాక్సులో అన్నయ్య తమ్ముడితో "నువ్వెళ్ళిపోరా, అమ్మని నే చూసుకుంటాను" అంటే దానికీ నవ్వారు.

ఆన్‌లైన్లో పెట్టి వారమైంది. 1,100 మంది చూశారు. కామెంట్లలో సగం "గోదారి కామెడీ అదిరింది" అని. మేం కామెడీ తీయలేదు. మళ్ళీ ఎడిట్ చేయాలా, దీన్ని వదిలేసి ఇంకోటి మొదలుపెట్టాలా? లింకు నా ప్రొఫైల్లో ఉంది. మొహమాటం లేకుండా చెప్పండి.

కొబ్బరాకు
ఇప్పుడే చూశాను. ఆ నడక ఎవరు నేర్పారు? అంత బాగా నడిచే శవాల్ని నేను పెద్ద సినిమాల్లో కూడా చూడలేదు.

లంకకుర్రోడు
ఎవరూ నేర్పలేదండి. మొదట మెరక మీద తీశాం. కుర్రాళ్ళు కాళ్ళు ఈడుస్తూ ఎవరికి తోచినట్టు వాళ్ళు యాక్టింగ్ చేశారు, చూడలేకపోయాం. తర్వాత ఊడ్పులకి దమ్ము చేసిన చేలోకి దింపేశాం. ఆ బురదలో ఎవరైనా అలాగే నడుస్తారు. కాలు పీకాలి, ఒళ్ళు తూలుతుంది, చేతులు వాటంతట అవే ముందుకొస్తాయి. అది అలవాటయ్యాక గట్టు మీద తీసేటప్పుడు "చేలో నడిచినట్టు నడవండి" అంటే సరిపోయింది.

భీమారం_బుల్లోడు
నాకో డౌటు. మనం శవాల్ని కాలుస్తాం కదా, లేవడానికి ఎవరు మిగిలారు? మా ఇంట్లో వేస్తే మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇదే.

లంకకుర్రోడు
అందుకే వరద పెట్టాం. ఎవరివో తెలియని శవాలు, ఊళ్ళో కట్టెలన్నీ తడిసిపోయాయి. 12వ నిమిషంలో "ఊరంతా వెతికినా ఎండుపుల్ల లేదు" అనే డైలాగు దానికే.

భీమారం_బుల్లోడు
అది జనరేటర్ మోతలో వినపడలేదు. ఇప్పుడు అర్థమైంది. పాయింటు బాగుంది.

గౌతమి_77
బుల్లోడు గారూ, అందరూ కాల్చరు. పసిపిల్లల్ని పూడుస్తారు, జంగాలు పూడుస్తారు, క్రైస్తవులకీ ముస్లింలకీ సమాధులే. జపాన్లో దాదాపు అందరికీ దహనమే. అయినా 2017లో అక్కడ 30 లక్షల యెన్లతో తీసిన వన్ కట్ ఆఫ్ ద డెడ్ మొదట రెండు చిన్న థియేటర్లలో పడి, నోటిమాటతో దేశమంతా ఆడింది. కాబట్టి సమస్య అది కాదు.

లేచే శవం మనకి కొత్త కాదు. చందమామ చదివిన ప్రతివాడికీ తెలుసు. చెట్టు మీంచి శవాన్ని దించి భుజాన వేసుకుంటే అందులో బేతాళుడు మాట్లాడతాడు, కథ చెబుతాడు, ప్రశ్న అడుగుతాడు. మన దెయ్యాలూ అంతే. ఏదో కోరిక తీరక తిరుగుతాయి. ఏం కావాలో అడిగి తీరిస్తే వెళ్ళిపోతాయి. చచ్చినవాడు తిరిగొచ్చాడంటే ఏదో కావలసి వచ్చాడనే మనకి తోస్తుంది. జాంబీకి మాట లేదు, గుర్తు లేదు, అడగాల్సింది ఏమీ లేదు. ఆ మామ్మగారు "వీడికేం కావాలి" అని చూశారు. ఆకలి కనబడింది, అన్నం పెట్టమన్నారు. ఆవిడ సినిమాని సరిగ్గానే చూశారు.

కాకినాడ_కాజా
నేను ఒప్పుకోను. మా నాన్న థియేటర్ ఆపరేటర్. చిన్నప్పుడు ప్రొజెక్టర్ గది కంతలోంచి నేను తెర కంటే జనాన్నే ఎక్కువ చూశాను. దెయ్యం సినిమాకి ఏ వరస నవ్విందో ఆ వరసే పది నిమిషాల తర్వాత అందరికంటే గట్టిగా కేక పెట్టేది. నవ్వు అంటే టెన్షన్ తట్టుకోలేకపోవడం. 2021లో జాంబీ రెడ్డిని మన జనం నవ్వుతూనే చూశారు, సినిమా ఆడింది. జనం కామెడీ అంటున్నారా, కామెడీ అనే పేరు మీదే వదలండి. పెట్టిన డబ్బులు రావాలి కదా.

రాజోలుపిల్ల
కాజా గారూ, అన్నిచోట్లా ఆ మాట చెల్లదు. మామ్మగారి మాటకి నవ్వడం వేరు. అన్నయ్య "నువ్వెళ్ళిపోరా" అంటే నవ్వారే, అది వేరు. అది యాసకి నవ్వడం.

నేను హైదరాబాద్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. ఆఫీసులో ఏడుపు మొహంతో ఏదైనా చెప్పినా, "ఆయ్" అనగానే ఎదుటివాళ్ళ మొహం మీద నవ్వు వచ్చేస్తుంది. మా నాన్నకి ఒంట్లో బాలేదని లీవు అడిగిన రోజు కూడా అదే జరిగింది. మన మాట సినిమాల్లో ఎక్కువగా ఎవరి నోట వింటాం? వెటకారం చేసే బావ, తిండిపోతు మావయ్య, పెళ్ళిలో సాగదీసి మాట్లాడే పెద్దాయన. మన మాటలో మనిషి చావు గురించి మాట్లాడడం, తమ్ముణ్ణి వదిలేయడం ఎప్పుడు విన్నాం? బయటివాళ్ళని వదిలేయండి, మన ఊరివాళ్ళు కూడా వినలేదు. తెర మీద ఆ మాట వినపడితే నవ్వాలని మనకే అలవాటైపోయింది.

అందుకని కామెడీ అని వదలకండి. ఆ డైలాగు విని నేను ఏడ్చాను.

లంకకుర్రోడు
అది రాసింది మా తమ్ముడు. ఈ పోస్టు వాడికి చదివి వినిపించాను. థ్యాంక్సండి.

కాకినాడ_కాజా
యాస గురించి మీరు చెప్పింది నిజమే, ఆ కోణం నాకు తట్టలేదు. నవ్వు గురించి మాత్రం నా మాట మీదే ఉన్నాను.

పంటురేవు
31వ నిమిషంలో తమ్ముడు నీళ్ళలో దిగుతాడు, మోకాళ్ళ దాకా ఉంటాయి. వెనక్కి తిరిగి చూస్తే మడమల దాకా ఉంటాయి. మళ్ళీ ముందుకి తిరిగితే నడుము దాకా. శవాల కంటే నాకు అదే భయం వేసింది.

లంకకుర్రోడు
పోటు, పాటు. సముద్రం దగ్గర కదండీ, ఏట్లో నీళ్ళు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. మధ్యలో లైటు పాడైతే రెండు గంటలు ఆగాం, అంతలో పాటు వచ్చేసింది. రెండో రోజు మిగతా షాట్లు పోటులో తీశాం. కంటిన్యూటీ చూసే మనిషి లేడు. ఇప్పుడైతే పంచాంగం పెట్టుకుని అమావాస్య, పౌర్ణమి, అష్టమి చూసుకుని షెడ్యూల్ వేస్తాను.

పంటురేవు
అలా చూసుకోకుండా మా వాళ్ళు వలే వేయరు తమ్ముడూ. ఈసారి ఏ రోజు తీయాలో నన్నడుగు, గంటలతో సహా చెబుతాను.

నరసాపురం_లేసు
రక్తం దేనితో చేశారు? మా పిల్లలు స్కూలు నాటకానికి అడుగుతున్నారు.

లంకకుర్రోడు
మొదట బెల్లం పాకంలో ఎర్ర రంగు, కాస్త కాఫీ పొడి కలిపాం. చిక్కదనం, రంగు బ్రహ్మాండంగా కుదిరాయి. అరగంటలో చీమలు పట్టాయి. కొబ్బరితోటలో పడుకోబెట్టిన ఏడుగురు శవాలూ ఒక్కసారిగా లేచి కాలవలోకి పరిగెత్తారు. ఒక అబ్బాయికి మెడంతా దద్దుర్లు వచ్చాయి, మూడు రోజులు షూటింగ్ ఆపి డాక్టర్ దగ్గరికి తిప్పాం. పిల్లలకి మాత్రం తీపి వాడకండి. మేం ఆ తర్వాత మైదా గంజి పల్చగా కాచి, ఫుడ్ కలర్, రెండు చుక్కల గ్లిజరిన్ వేశాం. చర్మం ఊడినట్టు ఉండటానికి టిష్యూ పేపర్, ఫేస్ మాస్క్ జిగురు. ముందు చేతి మీద రాసి చూసుకోండి, కొందరికి పడదు.

ఖర్చు ఎవరో మెసేజ్‌లో అడిగారు, ఇక్కడే చెబుతున్నాను. తిండి 74 వేలు, లైట్లు జనరేటర్ 62, కెమెరా లెన్సుల అద్దె 48, డబ్బింగ్ మిక్సింగ్ 32, పడవలు డీజిలు 30, మేకప్ 21, హార్డ్ డిస్కులు 18. అన్నిటికంటే తిండికే ఎక్కువైంది. చెట్లెక్కి కొబ్బరికాయ దింపు తీసేవాళ్ళు, కాయలు ఒలిచే ఒలుపు పనివాళ్ళు పగలంతా పనిచేసి రాత్రి శవాలుగా వచ్చేవాళ్ళు. డబ్బులిస్తే వద్దన్నారు. కడుపు నిండా చేపల కూరతో భోజనం పెట్టకపోతే మాకు నిద్ర పట్టేది కాదు.

యానాం_గాలి
దింపువాళ్ళ సంగతి చదివి ఒకటి చెప్పాలనిపించింది. జాంబీ అనే ఊహ హైతీ నుంచి వచ్చింది. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చి చెరుకు తోటల్లో బానిసలుగా పెట్టిన మనుషుల భయం అది. చచ్చినా విడుదల లేదు, చచ్చాక కూడా లేపి పనిచేయిస్తారు అని. మనుషుల్ని తినడం అందులో లేదు.

తినే శవాల్ని ఖాయం చేసింది 1968లో జార్జ్ రొమెరో నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్. సుమారు 1,14,000 డాలర్ల ఖర్చు, ఊరి చివర ఇల్లు, బ్లాక్ అండ్ వైట్, రక్తానికి చాక్లెట్ సిరప్. అందులో జాంబీ అనే మాటే ఒక్కసారి కూడా రాదు. పేరు మార్చినప్పుడు టైటిల్ కార్డులో కాపీరైట్ గుర్తు పెట్టడం మర్చిపోయారు, దాంతో సినిమా ఎవరైనా వేసుకునేదైపోయింది. అందువల్ల తీసినవాళ్ళకి రావలసిన డబ్బు చాలా పోయింది. కుర్రోడు గారూ, మీ కాగితాలన్నీ సరిగ్గా పెట్టుకోండి. సంగీతం చేసినవాళ్ళు, నటించినవాళ్ళు అందరి దగ్గరా సంతకాలు తీసుకోండి, స్నేహితులైనా సరే.

ఎడిటింగ్_టేబుల్
రెండుసార్లు చూశాను. రెండోసారి నోట్స్ రాసుకుంటూ చూశాను. మీ మొదటి శవం 9వ నిమిషంలో కనబడుతుంది. తల నుంచి కాళ్ళ దాకా, వెలుగులో, 40 సెకన్లు. అంతసేపు చూస్తే ఎవరైనా మనిషినే చూస్తారు. అబ్బాయి కళ్ళలో అలసట కనబడుతోంది, చొక్కాకి పైగుండీ లేదు. మామ్మగారికి జాలి ఎందుకు రాదు? చేతులు చూపండి, తడిక మీద వేళ్ళు చూపండి, బురదలో అడుగు పడి నీరు ఊరడం చూపండి. మొహం 20వ నిమిషం దాకా దాచండి. మళ్ళీ షూటింగ్ అక్కర్లేదు, మీ దగ్గరున్న ఫుటేజితోనే అవుతుంది.

ఇంకోటి, పగలు తీసి రాత్రిలా నీలం చేసిన షాట్లలో ఆకాశం కనబడుతోంది. అక్కడ మోసం తెలిసిపోతోంది. పైభాగం కత్తిరించేయండి.

సౌండ్‌బాబు
టేబుల్ గారు చెప్పినవన్నీ చేసినా సౌండ్ ఇలాగే ఉంటే ప్రయోజనం లేదు. మొత్తం సినిమా కింద ఒక గుయ్‌మనే చప్పుడుంది. అది రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే కరెంటు మోటార్లది, ఏరేటర్లది. కథలో కరెంటు లేదు, చెవికేమో ఊరంతా కరెంటు వినపడుతోంది. చూసేవాడు కారణం చెప్పలేడు కానీ నమ్మడు.

రెండోది. శవం వచ్చిన ప్రతిసారీ ఢామ్మని మ్యూజిక్ కొట్టారు. మనం ఈ నేల మీద పుట్టినవాళ్ళం. రాత్రిపూట చెరువుగట్టు మీద ఏదైనా నడిస్తే ఏమవుతుందో చెప్పండి. కప్పలు ఆగిపోతాయి. అడుగు పడిన చోట ముందు ఆగి, అక్కణ్ణుంచి వరసగా అటువైపంతా ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దం మన వైపు నడిచొస్తుంది. మంచం మీద పడుకున్నవాడికి పాము వచ్చిందో దొంగ వచ్చాడో అది చూసే తెలుస్తుంది. మీ 9వ నిమిషంలో మ్యూజిక్ తీసేసి కప్పల్ని ఆపండి. నా దగ్గర మంచి రికార్డింగులు ఉన్నాయి, కరెంటు పోయిన రాత్రులు తీసినవి. పంపిస్తాను, డబ్బులొద్దు.

కొబ్బరాకు
చదువుతుంటేనే ఒళ్ళు జలదరించింది.

భీమారం_బుల్లోడు
మా పెరట్లో ఇప్పుడే కప్పలు ఆగాయి. లైటు వేసి చూశాను, పిల్లి.

వశిష్ఠ_ఒడ్డు
సినిమా మొత్తం చూడలేకపోయాను బాబూ. శవాలు ఒడ్డుకి కొట్టుకొచ్చే దగ్గర ఆపేశాను. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

1986 ఆగస్టులో నాకు పదకొండేళ్ళు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన వరద అది. ఆ నీరు కిందికి దిగేసరికి గట్లు తెగాయి. మూడు రాత్రులు స్కూలు డాబా మీద ఉన్నాం. మా చిన్నాన్న గొడ్లని విప్పడానికి వెళ్ళి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. నీరు తీశాక గేదెలు, ఆవులు, దూడలు ఉబ్బిపోయి కొబ్బరిచెట్ల మధ్య ఇరుక్కుని ఉన్నాయి. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది. దాన్ని మీరు భయం సినిమా చేస్తే నాకు కష్టంగా అనిపించింది. వరద మాకు వేషం కాదు.

ఇంకో మాట. మీ సినిమాలో శవం కనబడగానే అందరూ పారిపోతారు. అది జరగదు. మా నాయనమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు, రేవులో ఏదో కొట్టుకొచ్చింది అని ఎవరైనా అంటే పరిగెత్తుకెళ్ళేది. లాంతరు ఎత్తి మొహం చూసేది. మావాడేనా అని. శవం లేచి నడిచొస్తుంటే ఆవిడ పారిపోదు. ఎదురెళ్తుంది.

యానాం_గాలి
1996 నవంబరు 6 తుపాను రాత్రి మా అత్తయ్య వాళ్ళింట్లో ఇద్దరు పోయారు. బాబాయ్ గారు రాసింది అక్షరాలా నిజం. మా ఇంట్లో కూడా అలాగే వెతికారు.

గౌతమి_77
ఇందాక నేను పెద్దగా బేతాళుడి గురించి చెప్పాను. అసలు సంగతి ఇది.

కాకినాడ_కాజా
నేను కామెడీ అని వదలమన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

లంకకుర్రోడు
బాబాయ్ గారూ, వెంటనే జవాబు రాయలేకపోయాను. మన్నించండి.

వేషం అనుకుని వరద పెట్టలేదండి. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చినప్పుడు మా ఇల్లు నాలుగు రోజులు నీళ్ళలో ఉంది. రాత్రిళ్ళు డాబా మీద పడుకుంటే కింద గదుల్లో సామాన్లు తేలుతూ గోడలకి కొట్టుకునేవి. ఎవరో ఇంట్లో తిరుగుతున్నట్టు ఉండేది. కథ అక్కడ పుట్టింది. కానీ మా ఊళ్ళో ఆ ఏడాది ప్రాణం పోలేదు. పోయినవాళ్ళ సంగతి మాకు తెలియదు. తెలియకుండా రాశాం. మీ నాయనమ్మగారి సంగతి సినిమాలో పెట్టుకోవచ్చా? మీరు వద్దంటే పెట్టం. పెట్టమంటే ముందు మీకు చదివి వినిపించి, అప్పుడే తీస్తాం.

వశిష్ఠ_ఒడ్డు
పెట్టుకోండి. ఆవిడ లాంతరు మా ఇంట్లోనే ఉంది. గ్లాసు పగిలింది, మిగతాది బాగానే ఉంది. కావాలంటే వచ్చి తీసుకెళ్ళండి.

రీలుడబ్బా
మధ్యలో వస్తున్నాను కానీ ఇది కూడా చూసుకోండి. థియేటర్లో వేయాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, నిడివి ఎంతైనా. దరఖాస్తు ఆన్‌లైన్లోనే పెట్టవచ్చు. 2023 సవరణతో యూఏలో, అంటే పిల్లలు పెద్దవాళ్ళ సలహాతో చూడదగ్గ రకంలో, 7, 13, 16 ఏళ్ళు అని మూడు రకాలు వచ్చాయి, సర్టిఫికెట్‌కి పదేళ్ళ గడువు కూడా పోయింది. మీ సినిమాలో ఆవు, కుక్క ఉన్నాయి. జంతువులుంటే జంతు సంక్షేమ బోర్డు కాగితం అడుగుతారు. మాది ఒక షార్ట్ ఫిలిం కోడిపిల్ల దగ్గర నాలుగు నెలలు ఆగింది. సీను తీసేయగలిగితే తీసేయండి.

లంకకుర్రోడు
ఆవు సీను తీసేస్తున్నాం. కుక్క మాది, కానీ కాగితం కాగితమే కదా. తీసేస్తాం.

నరసాపురం_లేసు
మూడు వారాలైంది, ఏమైంది?

లంకకుర్రోడు
ఎడిట్ అయింది. 58 నిమిషాలది 49 అయింది. సౌండ్‌బాబు గారి కప్పలు పెట్టాం, మ్యూజిక్ మొత్తం సినిమాలో రెండుచోట్లే ఉంది. ఏరేటర్ మోత ఉన్న డైలాగులన్నీ మళ్ళీ డబ్బింగ్ చెప్పాం.

కొత్త సీను ఒకటి తీశాం. పంటురేవు అన్న చెప్పిన పాటు టైముకి, తెల్లవారుజామున 3 గంటల 20 నిమిషాలకి మొదలుపెట్టి గంటలో పూర్తిచేశాం. శవం రేవులోంచి నడిచొస్తుంది, అన్నదమ్ములు అమ్మని లాగుతుంటారు, ఆవిడ చెయ్యి విదిలించుకుని లాంతరు పట్టుకుని ఎదురెళ్తుంది. అమ్మ వేషం రాజోలు నుంచి వచ్చిన టీచరుగారు వేశారు. లాంతరు ఎత్తి మొహం చూసి, "కాదు" అంటారు. అంతే డైలాగు. అప్పటికి అది చెయ్యి పట్టేసుకుంటుంది.

నిన్న ముందుగా వశిష్ఠ ఒడ్డు బాబాయ్ గారికి వాళ్ళింట్లోనే చూపించాం. ఈసారి ఆపలేదు. అయిపోయాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లాంతరు తిరిగి ఇవ్వబోతే, ఇంకో సినిమాకి పనికొస్తుందేమో ఉంచుకోమన్నారు.

రాజోలుపిల్ల
"నువ్వెళ్ళిపోరా" ఉంచారా?

లంకకుర్రోడు
ఉంచాం. యాస మార్చలేదు. వచ్చే శనివారం అదే చోట మళ్ళీ వేస్తున్నాం. మామ్మగారికి ముందు వరసలోనే చోటు ఉంచాం. అన్నం సంగతి కూడా అడిగాం, వస్తూ గిన్నెలో పెట్టుకొస్తానన్నారు.

నరసాపురం_లేసు
తొమ్మిది మందిమి వస్తున్నాం, పిల్లలతో. చాపలు తెచ్చుకోవాలా?

లంకకుర్రోడు
చాపలు మేం వేస్తాం. టార్చిలైటు తెచ్చుకోండి. రేవు నుంచి గట్టు మీద దారి బురదగా ఉంది.